ఇంటికెవరు తీసుకెళ్తారు?

బెర్నడెట్ ఆర్చులేటా మా క్లినిక్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే నా పరువు తీసింది. అదీ పదిమంది ముందు, నేను తెచ్చిన డోనట్ తింటూ తీసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది ఆ రోజు కళ్లారా చూశాను.

నా పేరు ఓర్లాండో టాఫోయా. పుట్టింది, పెరిగింది అల్బుకర్కీలోనే. మా క్లినిక్‌లో జరిగే పరిశోధన గురించి చెప్తే చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. తాగుడు మానలేక అవస్థ పడుతున్నవాళ్లకి, పుట్టగొడుగుల్లో ఉండే ఒక మందుని మాత్రగా ఇస్తాం. మాత్ర వేసుకున్న మనిషి కళ్లకి గంతలు కట్టుకుని, పాటలు వింటూ పగలంతా సోఫాలో పడుకుంటాడు. పక్కన మా వాళ్లిద్దరు కూర్చుని కనిపెట్టుకుని ఉంటారు. మా అమ్మమ్మ దీన్ని 'పుట్టగొడుగుల ఆఫీసు' అంటుంది. ఆ ఆఫీసుకి మనుషుల్ని పోగుచేసి తేవడం నా పని.

ఆ రోజు మీటింగులో, ఈ పరిశోధన నడిపే డాక్టర్ హాస్కెల్ ఆమెని పరిచయం చేశారు. డెన్వర్‌లో పేరున్న నర్సు, మన దగ్గర్లోని ఎస్పన్యోలా ఊరి అమ్మాయే అన్నారు. మందు వేసుకునేది ఆడమనిషైతే, పక్కన కూర్చునే ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలని మా నియమం. అందుకని బెర్నడెట్‌ని పిలిపించారు. తీరా చూస్తే కూర్చోవడానికి ఆమె ఉంది గానీ, పడుకోవడానికి కొత్తగా ఆడమనిషే రావట్లేదు.

ఇప్పటివరకు ఎంతమంది చేరారని ఆమె అడిగింది. నలభైమంది అన్నాను గొప్పగా. అందులో ఆడవాళ్లెంతమంది అంది. ముగ్గురు అన్నాను, కాస్త గొంతు తగ్గించి.

"మిగతా ఆడవాళ్లంతా నిమ్మరసం తాగుతున్నారా ఏవిటండీ?"

అందరూ నవ్వారు. పోస్టర్లు ఎక్కడ అంటించారని అడిగింది. నేను ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. టైర్ల షాపు, బౌలింగ్ హాలు, మాజీ సైనికుల క్లబ్బు, క్షవరం షాపులు, బార్లు. బార్లలో కూడా మగవాళ్ల బాత్రూముల్లో, సరిగ్గా కళ్లకెదురుగా. ఎక్కువ ఫోన్లు అక్కణ్ణుంచే వచ్చాయని కూడా చెప్పాను. నాకు నోరు మూసుకోవడం మా అమ్మ నేర్పలేదు.

"మగవాళ్లు తిరిగేచోట కేకేసి, ఆడవాళ్లు పలకలేదంటే ఎలాగండీ ఓర్లాండో గారూ?" అని ఆమె చేతికంటిన పంచదార దులుపుకుంది.

నవ్వులు ఆగాక డాక్టర్ హాస్కెల్ అసలు సంగతి చెప్పారు. అక్టోబరులో మా ఊళ్లో మనుషులెక్కే పెద్ద బెలూన్లు ఎగరేసే పండగ నాటికి కొత్తగా పదిమంది ఆడవాళ్లయినా చేరకపోతే, డబ్బిచ్చే ఫౌండేషన్ వాళ్లు ఆడవాళ్ల విభాగం మూసేస్తారట. తర్వాత ఆరు ఊళ్లలో జరగబోయే పెద్ద పరిశోధన మగవాళ్లతోనే చేస్తారట. ఆడవాళ్లకి ఆసక్తి లేదని రాసేస్తారట. రేపు మందు బయటికొస్తే, అది ఆడవాళ్ల ఒంటికి ఎంత పడుతుందో, ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు. విభాగం మూస్తే బెర్నడెట్ ఉద్యోగం కూడా పోతుంది. డెన్వర్‌లో ఆమె పాత కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట.

మొదటి సంగతి విని బాధపడ్డాను. రెండోది వినగానే గుండె గుభేలుమంది. పరువు తీసిన మనిషి వెళ్లిపోతుందంటే నాకెందుకు గుభేలుమనాలో అర్థం కాలేదు. సాయంత్రానికి అర్థమైంది. అదే మనిషి మళ్లీ ఎప్పుడు పరువు తీస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

జులైలో ఇద్దరం కలిసి పోస్టర్లు పట్టుకుని ఊరంతా తిరిగాం. బ్యూటీ పార్లర్లు, బట్టలుతికే షాపులు, లైబ్రరీ, పిల్లల డాక్టర్ల దగ్గర కూర్చునే గదులు. ఆడవాళ్ల బాత్రూముల్లోకి ఆమె వెళ్లేది. నేను బయట టేపు, కత్తెర పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక మాల్‌లో సెక్యూరిటీ అతను వచ్చి ఇక్కడ నీకేం పని అన్నాడు. లోపల మనిషి ఉంది, పోస్టరు అంటిస్తోంది అన్నాను. అతను నమ్మలేదు. బెర్నడెట్ బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, ఈయనెవరో నాకు తెలియదండీ అంది. అతను నా చెయ్యి పట్టుకునేదాకా ఆగి, అప్పుడు నవ్వింది.

మా ఊళ్లో మధ్యాహ్నం ఎక్కడ తిన్నా, మీద పోసే పులుసు ఎర్ర మిరపదా, పచ్చ మిరపదా అని హోటలమ్మాయి అడుగుతుంది. బెర్నడెట్ ఎర్రది అనేది, మెనూ మీంచి తలైనా ఎత్తకుండా. నేను పచ్చది అన్నాను.

"అనుకున్నా," అంది.

ఏమనుకున్నావో చెప్పమంటే చెప్పదు. వారం రోజులు అదే ఆలోచన నాకు.

ఆ పోస్టర్ల దెబ్బకి ఫోను ఆగకుండా మోగింది. అన్నీ ఆడగొంతులే. నేను గాల్లో తేలిపోయాను. ఆగస్టు వచ్చింది, వీధి మొగల్లో మిరపకాయలు కాల్చే వాసన మొదలైంది, రోజూ మధ్యాహ్నం కొండల మీదనుంచి వాన దిగుతోంది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కానీ ఒక్క ఆడమనిషి కూడా మా గుమ్మం తొక్కలేదు. బెర్నడెట్ ఖాళీ గదిలో కూర్చుని పాటలు సర్దుకుంటూ, దుప్పట్లు మడతపెట్టుకుంటూ ఉండేది.

ఒకరోజు తిన్నగా నా బల్ల దగ్గరకొచ్చింది. మర్యాద గుమ్మం దగ్గరే వదిలేసి వచ్చింది.

"వాళ్లని ఏమంటున్నావు నువ్వు ఫోన్లో?"

కాగితం మీద ఉన్న ప్రశ్నలే అడుగుతున్నానన్నాను. మరి ఎందుకు రావట్లేదంది. మళ్లీ చేస్తామంటారు, చెయ్యరు, మనసు మార్చుకుంటున్నట్టున్నారు అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఆడవాళ్లకి భయం ఎక్కువ కదా," అన్నాను.

"మందంటే భయమా, నీ గొంతంటే భయమా?" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత కాఫీ దగ్గర ఎదురుపడ్డా గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది. గోడే నయం, దాంతో అప్పుడప్పుడూ నవ్వేది.

ఇలా ఉండగా మా అమ్మమ్మ ఎర్లిండా కంటి ఆపరేషను రోజు వచ్చింది. నేను ఉండేది ఆవిడ దగ్గరే. శుక్లం తీసేశాక ఇంటికి తీసుకెళ్లడానికి మనిషి ఉండాలని ఆసుపత్రివాళ్లు మరీ మరీ చెప్పారట. ఆ సంగతి నాకు చెప్పలేదు. మనవడు కింద కారు పెట్టుకుని ఉన్నాడని వాళ్లకి చెప్పి, ఒక కంటికి కట్టుతో రెండు బస్సులు మారి, వానలో తడుస్తూ వచ్చింది. పైగా దారిలో దిగి, కాల్చిన మిరపకాయల బస్తా కూడా కొనుక్కొచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క ఫోను చేస్తే రానా అని అరిచాను. ఆవిడ కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ తాపీగా చెప్పింది.

"ఈ ఇంట్లో అందర్నీ తిప్పేది నేనురా. మీ తాతని డయాలసిస్‌కి తిప్పా. మీ అమ్మని నీ కాన్పుకి తీసుకెళ్లా. నీకు పన్ను పీకిస్తే తీసుకొచ్చా. నన్నూ ఒకరు తీసుకెళ్లొచ్చని నాకు తట్టనేలేదు. అడగడం కూడా అలవాటుండాలి నాయనా."

తువ్వాలుతో ఆవిడ తల తుడుస్తుంటే నాకు నా ఫోన్లు గుర్తొచ్చాయి.

ఫోన్లో నేనడిగే ప్రశ్నల్లో ఆఖరిది ఒకటుంది. 'మందు వేసుకున్న రోజు సాయంత్రం మిమ్మల్ని ఇంటికెవరు తీసుకెళ్తారు? రాత్రి మీ ఇంట్లోవాళ్లెవరు తోడుంటారు?' మనిషి క్షేమం కోసం పెట్టిన ప్రశ్న. మగవాళ్లు నేను పూర్తిగా అడక్కుండానే జవాబు చెప్పేవాళ్లు. ఇంకెవరు, మా ఆవిడ. పెళ్లి కానివాళ్లయితే మా అమ్మ, మా అక్క. ఆడవాళ్లు మాత్రం ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయేవాళ్లు. ఎక్కడో టీవీ శబ్దం, పిల్లల గోల వినిపించేది. కనుక్కుని మళ్లీ చేస్తానండీ అనేవాళ్లు. చేసేవాళ్లు కాదు. మళ్లీ చెయ్యనివాళ్లని తమంతట తామే మానుకున్నట్టు లెక్కేయడం మా పద్ధతి. ఆ నిశ్శబ్దం వినేది క్లినిక్ మొత్తంలో నేనొక్కణ్ణే. నర్సులకి గుమ్మం దాటి వచ్చినవాళ్లే కనిపిస్తారు.

ఆ వానలోనే కారు తీశాను. వాగులన్నీ రోడ్ల మీదకొచ్చేశాయి. చుట్టూ తిరిగి బెర్నడెట్ అద్దె ఇంటికి చేరేసరికి తల నుంచి కాళ్లదాకా తడిసిపోయాను. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గరిటెతో తలుపు తీసింది. నా మొహం చూసి, ఎవరికైనా ఏమైనా అయిందా అంది.

"వాళ్లు భయపడట్లేదు. వాళ్లని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు లేరు," అన్నాను.

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి నాకిచ్చి, లోపలికి రమ్మంది. పొయ్యి ఆపేసి, బల్ల దగ్గర కూర్చుంది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది.

వాళ్లమ్మ ఏళ్ల తరబడి తాగిందట. మానుకుందామని ఆవిడే అనుకుందట. వైద్యం చేసేచోటు ఇంకో ఊళ్లో, శాంటా ఫేలో. తీసుకెళ్లేవాళ్లు లేరు. వాళ్ల నాన్న పనికెళ్లాలి, చుట్టాల్ని అడగాలంటే సిగ్గు.

"నాకు పదహారేళ్లొచ్చి కారు లైసెన్సు వచ్చేదాకా మా అమ్మ ఆగింది ఓర్లాండో. నేనే తీసుకెళ్లా. ఇప్పుడు తాగుడు మానేసి హాయిగా ఉంది. అంత తెలిసినదాన్ని, ఆ ప్రశ్న నీ దగ్గరుందని నాకు తట్టలేదు చూడు. ఊరికే నిన్ను పట్టుకుని దులిపేశా."

దులపడం నాకు అలవాటైపోయింది, మానేస్తేనే ఇబ్బందిగా ఉంది అన్నాను. ఆమె నవ్వింది. ఎర్రమిరప కూర పెట్టింది. పచ్చమిరప గురించి నేను నోరెత్తలేదు.

మర్నాడు ఇద్దరం డాక్టర్ హాస్కెల్ గదికి వెళ్లాం. ఆయన మంచి మనిషి, నియమాలంటే ప్రాణం. మందు వేసుకున్న మనిషిని ఒంటరిగా వదిలేద్దామంటారా అన్నారు. వదలొద్దు, కానీ 'ఇంట్లోవాళ్లు' అన్న మాట తీసేసి, నమ్మకమైన మనిషి అని పెడదాం, అలాంటి మనిషి లేకపోతే మనమే ఇద్దాం అన్నాను. ఆయన గడ్డం నిమురుకున్నారు. అప్పుడు బెర్నడెట్ అడిగింది.

"మీకు రేపు ఏదైనా ఆపరేషను అయితే ఇంటికెవరు తీసుకెళ్తారండీ డాక్టర్ గారూ?"

"మార్జరీ. మా ఆవిడ," అన్నారు వెంటనే.

"ఆవిడకైతే?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "పోయినేడాది ఆవిడ మోకాలికి చేశారు. నాకు ఆ రోజు కాన్ఫరెన్సు ఉంది," అన్నారు. కళ్లద్దాలు సర్దుకుని, "టాక్సీలో వచ్చిందనుకుంటా," అన్నారు. ఆ మాటతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నానికల్లా నియమాల మార్పుకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఆయనే ఫోను చేశారు. ఆ సాయంత్రం పూలు కొనుక్కుని తొందరగా ఇంటికెళ్లారని కూడా విన్నాం.

కమిటీ సెప్టెంబరు మధ్యలో ఒప్పుకుంది. రిటైరైన నర్సులు నలుగురు దొరికారు. కారులో తీసుకెళ్తారు, రాత్రికి తోడుంటారు, పిల్లలుంటే వాళ్లకి అన్నం కూడా పెడతారు. ఇది విని మా అమ్మమ్మ తన చర్చిలోని జపమాల సంఘం ఆడవాళ్లంతా సిద్ధమే అంది. వద్దన్నాను, విషయం రహస్యంగా ఉండాలన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. మా సంఘంలో మాట బయటికి పొక్కదంది. మరి ఫాదర్ గారి షుగరు సంగతి ఊరంతా ఎవరు చెప్పారని అడిగాను.

"అది ప్రార్థన కోసం చెప్పాంరా," అంది.

ఇక మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాను. వద్దని చెప్పనివాళ్లందరికీ. అదే వారంలో, గుండె చిక్కబట్టుకుని బెర్నడెట్‌ని శుక్రవారం భోజనానికి పిలిచాను. పని మీదా, మామూలుగానా అని అడిగింది. మామూలుగా అన్నాను. సరే, ఆరింటికి అంది. నేను చొక్కా కొన్నాను. అమ్మమ్మ దాన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

శుక్రవారం ఐదున్నరకి, ఒక్క ఫోను చేసి బయల్దేరదామనుకున్నాను. ఆవిడ పేరు చెప్పకూడదు. బడిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. తీసుకెళ్లే మనిషిని మేమే ఏర్పాటు చేస్తామండీ అన్నాను. అటువైపు ఏడుపు మొదలైంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఒక్కొక్కటీ అడిగింది. బడిలో తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా, పిల్లల్ని నా దగ్గర్నించి తీసేసుకుంటారా, తాగే తల్లి అంటే ఊళ్లో ఏమంటారో మీకు తెలుసా. తెలిసినవాటికి జవాబు చెప్పాను. పేరు మా గడప దాటదని చెప్పాను. తెలియనివి పొద్దున్నకల్లా కనుక్కుని చెప్తానన్నాను. పిల్లలు పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా కూర్చుని తాగడం గురించి చెప్పింది. వింటూ ఉన్నాను. కొత్త చొక్కా చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను.

చివరికి ముక్కు చీదుకుని, సోఫాలో వినే ఆ పాటలు ఎవరు ఎంచుతారని అడిగింది. పనికిమాలిన పాటలైతే తను రాదట. మా నర్సు ఒకావిడ ఉంది, మీరూ ఆవిడా దెబ్బలాడుకోండి అన్నాను. ఆవిడ నవ్వింది. సోమవారం వస్తానంది.

ఫోను పెట్టేసి తల తిప్పి చూస్తే ఎనిమిది కావస్తోంది.

వానలో పరిగెత్తాను. హోటలమ్మాయి జాలిగా చూసింది. గంటసేపు కూర్చుంది, తేనె పోసిన పూరీలాంటి సోపాపియా ఒకటి తిని వెళ్లిపోయిందని చెప్పింది. ఫోను చేస్తే ఎత్తలేదు. సోమవారం పొద్దున కాఫీ దగ్గర పట్టుకుని, ఫోన్లో ఉండిపోయాను, క్షమించమన్నాను.

"సరే," అంది.

అంతే. తిట్టినా బతికేవాణ్ణి. ఆ సరేతో చచ్చాను. ఆ తర్వాత పని గురించి తప్ప మాట్లాడలేదు, నాకూ ధైర్యం చాలలేదు.

పని మాత్రం బ్రహ్మాండంగా సాగింది. పాటల టీచరు వచ్చింది. నిజంగానే బెర్నడెట్‌తో దెబ్బలాడి మూడు పాటలు మార్పించింది. తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక లాయరు, మనవళ్లున్న ఒక పెద్దావిడ. అక్టోబరు మొదటివారానికి పదకొండుమంది చేరారు. ఫౌండేషన్‌వాళ్లు ఆడవాళ్ల విభాగం ఉంటుందన్నారు. పెద్ద పరిశోధనలో సగం ఆడవాళ్లే ఉండాలని, ఆరు ఊళ్లలోనూ ఇంటికి తీసుకెళ్లే మనుషుల్ని పెట్టాలని కూడా రాశారు. డాక్టర్ హాస్కెల్ ఆ కాగితం చదువుతూ మధ్యలో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆ పొద్దున బెలూన్లు లేస్తున్నాయని అందరూ మేడ మీదకెళ్లారు. చూసి ఒక్కొక్కరే దిగిపోయారు. బెర్నడెట్ పిట్టగోడకి ఆనుకుని నిలబడే ఉంది. నేనూ ఉండిపోయాను. ఉద్యోగం నిలబడింది, మనిషి మాత్రం నాకు దక్కలేదని దిగులుగా ఉంది నాకు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఇక డెన్వర్‌వాళ్లకి రానని చెప్పేయొచ్చు కదా అన్నాను.

"పోయిన నెలే చెప్పేశా."

"పోయిన నెలా? అప్పటికి కొత్తగా ఒక్కరూ చేరలేదు. ఇక్కడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు."

"తెలియదు. నన్ను హోటల్లో కూర్చోబెట్టి రాకుండా పోయావే, ఆ శుక్రవారం చెప్పా."

ఆమె కాఫీ కప్పు పిట్టగోడ మీద పెట్టింది.

"తిడదామని నేరుగా ఇక్కడికే వచ్చా. బాగా తిట్టాలని దారంతా మాటలు కూడా అనుకున్నా. నీ గది తలుపు తీసే ఉంది. నువ్వు ఫోన్లో ఉన్నావు. నువ్విదంతా నా కోసం చేస్తున్నావని నాకు తెలుసు ఓర్లాండో. హాస్కెల్‌కి కూడా తెలుసు. ముచ్చటగానే ఉండేది, అంతకంటే ఏం లేదు. కానీ ఆ రోజు నీకు నేను గుర్తులేను. కొత్త చొక్కా చేతులు నలిగిపోయాయి, కళ్లలో నీళ్లు పెట్టుకుని ఆవిడ చెప్పేది వింటున్నావు. మా అమ్మకి అలా వినే మనిషి ఒక్కడు దొరికుంటే ఎంత బాగుండేదో అనిపించింది. మెట్ల మీద కూర్చుని డెన్వర్‌కి ఫోను చేశా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుందామనుకున్నా, ఈ ఊళ్లోనే."

"మరి సరే అన్నావేంటి అంత ముక్తసరిగా? ప్రాణం పోయింది నాకు."

"గంటసేపు ఆకలితో కూర్చోబెట్టావు. ప్రేమ ఉంటే కోపం ఉండకూడదా?"

ఆ మాట ఆమె మామూలుగా అనేసింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం, మొదటి రోజు డోనట్ తింటూ నన్ను ఏకిపారేసినప్పట్నుంచీ ఇష్టం అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆదివారం వాళ్లమ్మ ఎస్పన్యోలా నుంచి నన్ను చూడ్డానికి వస్తోందని, మంచి చొక్కా వేసుకోమని చెప్పింది.

అప్పుడే కింద నా గదిలో ఫోను మోగింది. కదలాలని లేదు నాకు. మోగనీ అన్నాను.

"వెళ్లి ఎత్తు. ఎవరో ఎంత ధైర్యం చేసి చేస్తున్నారో," అంది బెర్నడెట్. నా చెయ్యి మాత్రం వదల్లేదు. అందుకని ఇద్దరం కలిసే మెట్లు దిగాం.